మూతసీసాలోని కొసరు

గురువారం ఉదయం నేలీదా వేసుకున్న లెక్క చాలా చిన్నది. తొమ్మిదికి బొటికా, అంటే మందుల కొట్టు, తలుపులు తియ్యాలి, ఒంటిగంటకు మూసి భోంచెయ్యాలి, ఈ మధ్యలో తన చేతి మందు వల్ల ఎవరూ చావకూడదు.

కాలేజీలో ఐదేళ్లపాటు ఆమెకు మందుల గురించి చెప్పారు. చెప్పినదంతా తూకం వేసి చూస్తే ముప్పాతిక వంతు భయమే తేలుతుంది. ఒక మాత్రకు బదులు ఇంకో మాత్ర ఇస్తే ఏమవుతుందో, ఒకటికి బదులు రెండిస్తే ఏమవుతుందో, ఇచ్చినవాళ్లను ఏ జైల్లో పెడతారో ఆమెకు కంఠతా వచ్చు. ఇప్పుడు సముద్రపు ఒడ్డున ఉన్న పిస్కో నుంచి మేఘాల పక్కన ఉన్న కొల్కాపాతాకు వచ్చి నాలుగో రోజు. కొండ గాలి పడక తలనొప్పి. ముక్కు రెండు వైపులా దిబ్బడ. నెల రోజుల పరీక్ష గడిచాక యజమాని దోన్ అబుందియో కాగితం మీద సంతకం పెడితే ఈ బొటికాకు బాధ్యురాలైన ఫార్మసిస్టు ఆమే. పెట్టకపోతే తిరిగి పిస్కోకు పోయి, పిన్ని చేపల దుకాణంలో పొలుసులు గీకాలి.

ఆ రోజే దోన్ అబుందియో సరుకు కోసం పది గంటల బస్సులో అయకూచో బయలుదేరాడు. మొదటిసారి ఆమెను ఒంటరిగా వదులుతున్నాడు. మెడకూ నోటికీ కలిపి మఫ్లరు చుట్టుకుంటూ చివరి మాట చెప్పాడు.

"సంత రోజమ్మాయ్. ప్రతివాడూ యాపా అడుగుతాడు. కొసరు వెయ్యకుండా పంపావంటే వచ్చే వారం ఎదురు బొటికాలో తేలతాడు. ఆ మూతసీసాలోంచి తీసి పడెయ్యి."

"ఏ మూతసీసా అండీ?"

"ఆ మూతసీసా!" అని మఫ్లరులోంచి అని, కిటికీ పక్క సీటు పోతుందన్న తొందరలో వెళ్లిపోయాడు.

వెనక అరలో మూతసీసాలు నాలుగు ఉన్నాయి. ఒకదానిలో దూది ఉండలు, ఒకదానిలో గొంతు చూసే పుల్లలు, ఒకదానిలో గుడ్డ పట్టీలు. నాలుగోదాని అడుగున తెల్లటి గుండ్రటి బిళ్ళలు రెండే రెండు మిగిలి ఉన్నాయి. పావు తక్కువ పదికి బస్సు డ్రైవరు దోన్ ఫాకుందో వచ్చి కంటి చుక్కలు కొన్నాడు. సీసాను వెలుతురుకు పట్టి చూసుకుని, చెయ్యి అలాగే చాపి ఉంచాడు.

"మరి కొసరేదీ, డాక్టరమ్మా? కొత్తగా వచ్చావని మర్చిపోయావా, చదువుకున్నావని ఎగ్గొడుతున్నావా?"

నేలీదా వెనక్కి తిరిగి నాలుగు సీసాల వంకా చూసింది. కొసరు అంటే నోట్లో వేసుకునేదే అయి ఉంటుందనుకుంది. నాలుగో సీసా మూత తీసి ఆ రెండు బిళ్ళలూ అతని అరచేతిలో పెట్టింది. అతను వాటిని చూడకుండానే చొక్కా జేబులో వేసుకున్నాడు.

"దారిలో వేసుకుంటాలే. చల్లగా ఉండు తల్లీ!"

పది గంటలకు బస్సు హారను మోగింది. పదీ ఇరవైకి దోన్ అబుందియో అక్క, దోన్యా పెర్పెతువా, గిన్నెలో కినువా జావ పట్టుకుని వచ్చింది. తమ్ముడికి మూడేళ్లుగా చక్కెర జబ్బు. అప్పటినుంచీ ఆయన తిండి, నడక, నిద్ర అన్నీ ఆవిడ అజమాయిషీలో ఉన్నాయి. ఈ పూట తమ్ముడు లేడు కాబట్టి ఆ అజమాయిషీ అంతా పిల్ల మీద పడింది. గిన్నె బల్ల మీద పెడుతూ, అక్కడ ఖాళీగా ఉన్న సీసాను చూసి ఆగిపోయింది.

"ఇదెవరు కిందికి దింపారు?"

"నేనేనండీ. దోన్ ఫాకుందోకి కొసరు ఇచ్చాను."

"ఇందులోంచా?"

దోన్యా పెర్పెతువా సీసాను ఇటు తిప్పింది. ఇంతవరకూ గోడవైపు ఉన్న చీటీ ఇప్పుడు నేలీదావైపు తిరిగింది. దోన్ అబుందియో గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: గడువు తీరిన నిద్రమాత్రలు. ముట్టరాదు.

"కొసరంటే దూది కదుటే పిల్లా! ఆ పక్క సీసా! పదిహేనేళ్లుగా మావాడు దూదే ఇస్తున్నాడు! ఈ సీసా జోలికి నన్నే రానివ్వడు. ఇనస్పెక్టరు వచ్చి వీటిని పట్టుకుపోతాడు, అప్పటిదాకా వేలు పెట్టకక్కా అని నాతో ఒట్టు వేయించుకున్నాడు!"

నేలీదా సీసాను తన వైపు లాక్కుంది. చదువు చెప్పినట్టే చేసింది. ముందు గడువు తీరిన మందుల పుస్తకం తీసింది. పేరు: నిద్రమాత్రలు. ఎన్ని: కొన్ని. దోన్ అబుందియో లెక్కల పద్ధతి అది. చట్టం చదివిన పిల్లకు "కొన్ని" కంటే భయంకరమైన అంకె లేదు. తర్వాత సీసా అడుగున అంటుకున్న పొడిని వేలితో తుడిచి వాసన చూసింది. ముక్కు దిబ్బడ, ఏమీ తెలియలేదు. నాలుక మీద రాసుకుంది. తియ్యగా ఉంది. చదువుకోనివాళ్లయితే అక్కడితో ఊపిరి పీల్చుకునేవారు. మాత్ర గట్టిపడటానికి పాలచక్కెర కలుపుతారని రాసే నేలీదా నూటికి ఎనభై ఏడు మార్కులతో పాసయింది. ఆ తీపి ఆమె గుండెను ఇంకో అంగుళం కిందికి దించింది.

బస్సులో ఇరవై ఏడు మంది. అయకూచో దారికి పన్నెండు వంపులు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. స్టీరింగు ముందు దోన్ ఫాకుందో. అతని కడుపులో రెండు నిద్రమాత్రలు.

దోన్యా పెర్పెతువా తమ్ముడికి ఫోను చేసింది. బల్ల సొరుగులో ఆయన చార్జింగు పెట్టి మరిచిన ఫోను గణగణ మోగింది. డ్రైవరుకు చేస్తే, మొదటి వంపు దాటాక అక్కడ సిగ్నలు ఉండదని అందరికీ తెలిసిన సంగతే తెలిసింది.

ఖాళీ కడుపు మీద వేసుకుంటే మందు ఎక్కడానికి ఇరవై నిమిషాలు, నిండు కడుపు మీదయితే నలభై. నేలీదా ఆ లెక్క పట్టుకుని బస్సుల అడ్డాకు పరుగెత్తింది. అక్కడ కోడి రసం అమ్మే దోన్యా సతుర్నీనా తెడ్డుతో గంగాళం కలుపుతోంది.

"దోన్ ఫాకుందో పొద్దున మీ దగ్గర తిన్నాడా అమ్మా?"

"తిన్నాడు. సగం గిన్నె తాగి వదిలేశాడు, కడుపులో ఎలాగో ఉందన్నాడు."

"సగమేనా!" నేలీదా వేళ్ల మీద నిమిషాలు లెక్కపెట్టింది. "అయ్యో, సగమేనా!"

దోన్యా సతుర్నీనా తెడ్డు ఆపింది. ఇరవై రెండేళ్ల వ్యాపారం ఆవిడకు నేర్పిన పాఠం ఒకటే: మందుల కొట్టు మనిషి తెల్ల కోటుతో వచ్చి, నీ తిండి ఎవరెంత తిన్నారని అడిగితే అది మంచికి కాదు.

"ఏమైంది? ఫాకుందోకి ఏమైంది? నా రసం తాగి ఈ ఊళ్లో ఒక్క ప్రాణి పోలేదు, విన్నావా? పొద్దున కోసిన కోడి అది!"

"మీ రసం కాదమ్మా..."

"మరి గట్టిగా చెప్పు కాదని! అందరూ వింటున్నారు!"

అందరూ వింటూనే ఉన్నారు. బంగాళాదుంపల దగ్గర ఉన్నవాళ్లు డ్రైవరుకు విషం ఎక్కిందని విన్నారు. జున్ను అమ్మేవాళ్లు బస్సు మొత్తానికి ఎక్కిందని విన్నారు. రసం పరువు కాపాడుకోవాలి కాబట్టి దోన్యా సతుర్నీనా బల్లెక్కి, "నా రసం కాదు! బొటికా మందు! డాక్టరమ్మే ఒప్పుకుంది!" అని ప్రకటించింది. ఆ మాట చర్చిదాకా పోయేసరికి బస్సు లోయలో పడిపోయింది. పాదిరీగారు సంగతి అడక్కుండానే చావు గంట కొట్టించాడు. ఇంకా నడుస్తున్న బస్సు కోసం ఇంకా బతికే ఉన్న ఇరవై ఏడు మంది పేరున గంట ఠంగుమని మోగుతుంటే, నేలీదాకు అది తన కోసమే మోగుతున్నట్టు వినిపించింది.

సతుర్నీనా భర్త నికనోర్‌కు దుంపల లారీ ఉంది. సగం దింపిన బస్తాలను అలాగే ఉంచి అతను ఇంజను తిప్పాడు. ముందు సీట్లో నేలీదా, దోన్యా పెర్పెతువా ఇరుక్కున్నారు. వెనక బస్తాల మీద బస్సులో వెళ్లినవాళ్ల చుట్టాలు పదిమంది ఎక్కారు. సతుర్నీనా రసం గిన్నె ఒకటి ఒళ్లో పెట్టుకుని ఎక్కింది. సాక్ష్యం అంది.

"ఎన్ని ఇచ్చావు పిల్లా?" అన్నాడు నికనోర్, గేరు మారుస్తూ.

"రెండు."

"రెండింటికే మనిషి పడిపోతాడా?"

"పడిపోకపోవచ్చు. రెప్ప వాలితే చాలు. ఈ దారిలో రెప్ప వాలితే..."

"ఆపవే తల్లీ," అంది దోన్యా పెర్పెతువా, జపమాల తిప్పుతూ. "మా తమ్ముడు కూడా ఆ బస్సులోనే ఉన్నాడు."

ఆ సంగతి నేలీదాకు గుర్తులేదని కాదు. భయాల వరుసలో అది అయిదో ఆరో స్థానంలో ఉండి ఇంతసేపూ వంతు రాలేదు.

ప్రతి వంపులోనూ ఆమె తల బయటపెట్టి అంచు రాళ్లు చూసింది. మొదటి వంపులో రాళ్లు ఉన్నాయి. రెండో వంపులో ఉన్నాయి. నాలుగో వంపులో ఒక రాయి లేదు. నికనోర్ అది పోయినేడు పడిందని చెప్పేలోపు ఆమె రెండుసార్లు చచ్చి బతికింది. ఏడో వంపు తిరగ్గానే బస్సు కనిపించింది. అంచుకు రెండు బారల దూరంలో ఆగి ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఒక్క మనిషి లేడు.

లారీ ఆగకముందే నేలీదా దూకింది. బస్సు వెనక, దారిపక్క శిలువ దగ్గర, ప్రయాణికులు గుంపుగా ఉన్నారు. ఆ కనుమ దాటేవాళ్లు దిగి ఒక్కో రాయి పెట్టి వెళ్లడం ఆనవాయితీ. వాళ్లు రాళ్లు ఏరుకుంటున్నారు. వాళ్లకు ఇవతల గడ్డి మీద, మొహం మీద టోపీ పెట్టుకుని, దోన్ ఫాకుందో కదలకుండా పడుకుని ఉన్నాడు.

ఆమె అతని మీద పడి నాడి పట్టుకుంది. టోపీ తీసి రెప్ప పైకెత్తింది. "దోన్ ఫాకుందో! నా మాట వినిపిస్తోందా? ఇది ఎన్ని వేళ్లు?"

"మూడు," అన్నాడతను బిత్తరపోయి. "ఏమ్మా, నా పడక నీకేం అపకారం చేసింది? వీళ్లు రాళ్లు పెట్టేదాకా రోజూ ఇక్కడే కాస్త నడుం వాలుస్తాను."

"ఆ బిళ్ళలు వేసుకున్నారా?"

"రెండూ ఒకేసారి గుటుక్కున మింగేశాను."

"ఎలా ఉంది?"

"ఇందాకటిదాకా బాగానే ఉంది."

అంతలో లారీ మీదివాళ్లు దిగి తమ తమ చుట్టాలను పట్టుకుని ఏడవడం మొదలుపెట్టారు. ఎందుకు ఏడుస్తున్నారో తెలియక బస్సువాళ్లు కూడా అందుకున్నారు. ఆ గోలలో దోన్యా పెర్పెతువా గొంతు స్పష్టంగా వినిపించింది. "నిద్రమాత్రలు నాయనా! నువ్వు మింగినవి నిద్రమాత్రలు! అందులోనూ గడువు తీరినవి!"

దోన్ ఫాకుందో లేచి నిలబడ్డవాడల్లా మళ్లీ మెల్లగా కూర్చున్నాడు.

"అదీ సంగతి!" అన్నాడు. "ఆరో వంపు దగ్గరినుంచీ కాళ్లు నావి కానట్టు అనిపిస్తోంది. నాలుక కూడా మందంగా ఉంది. సతుర్నీనా, మా ఆవిడకు చెప్పు..."

"రసం బాగానే ఉందని ముందు చెప్పు వీళ్లకి!" అంది సతుర్నీనా గిన్నె చూపిస్తూ. అతను చెప్పకుండానే కళ్లు మూసుకుని వెల్లకిలా పడ్డాడు.

ప్రయాణికులను తోసుకుంటూ దోన్ అబుందియో వచ్చాడు. నేలీదా జరిగింది జరిగినట్టు చెప్పింది. నాలుగో సీసా అన్న మాట దగ్గర ఆయన మొహంలో నెత్తురు లేకుండా పోయింది. అక్క వంక ఒకసారి చూసి, నేలీదాను బస్సు చాటుకు లాగాడు.

"విను. ఏమీ కాదని చెప్పు వీళ్లకి. గడువు తీరినదానికి బలం ఉండదని చెప్పు. డాక్టరమ్మవి నువ్వు, నీ మాట నమ్ముతారు. అతను లేస్తాడు, బస్సు పోతుంది, ఎవరి దారి వాళ్లది."

"బలం ఉండదనడం అబద్ధమండీ. ఉంటుంది."

"ఏమీ కాదంటున్నాను కదా!"

"మీకెలా తెలుసు?"

ఆయన ఇంకో దారిన వచ్చాడు. "నెలాఖరుకు సంతకం పెట్టాల్సింది నేను. గుర్తుందా?"

నేలీదాకు గుర్తుంది. పిస్కోలో చేపల బల్ల, దాని మీద చాకు, పొలుసుల వాసన, ముక్కు దిబ్బడలోంచి కూడా అన్నీ వచ్చాయి. ఒకవైపు ఆ బల్ల, ఇంకోవైపు ముందున్న ఐదు వంపులు పెట్టి చూసుకుంది. కోటు జేబులోంచి చీటీల పుస్తకం తీసి, బస్సు ముందు మెట్టెక్కి నిలబడింది.

"ఈ బస్సు సాయంత్రం ఏడింటిదాకా కదలడానికి వీల్లేదు," అంది. గొంతు సన్నగా ఉంది కానీ కొండకు తగిలి అందరికీ వినిపించింది. "డ్రైవరుకు నిద్రమందు ఇచ్చింది నేనే. తప్పు నాది. నా పేరు, నా లైసెన్సు నంబరు రాసి సంతకం పెట్టి ఇస్తున్నాను. పోలీసులు అడిగితే చూపించండి."

"ఏడింటిదాకానా! ఈ చలిలోనా!" అని ఒకడు కేక పెట్టాడు. "ముందు ఈ పిల్లను పోలీసులకు అప్పగించండి!" అని ఇంకొకడు. "పిల్లనేంటి, గడువు తీరిన నిద్రమాత్రలు కొట్లో పెట్టుకున్నదెవరు? ఆ కొట్టుకు సీలు వేయించండి!" అని మూడోవాడు. వాడికి చట్టం తెలుసు.

దోన్ అబుందియో పుట్టు వ్యాపారి. రెండు నష్టాలను పక్కపక్కన పెట్టి చూశాడు. సీలు పడితే ఆరు నెలలకో ఏడాదికో ఊడుతుంది. నిజం చెబితే అక్క ఊరుకోదు. ఆవిడకు గడువు తీరడం ఉండదు. సీలు వైపే మొగ్గాడు కూడా. అంతలో నేలీదా సంతకం చేసిన చీటీ ముందువాళ్ల చేతుల్లోంచి ఆయన దాకా వచ్చింది. అక్షరాలు వంకరటింకరగా, చలికి వణుకుతున్న చీమల్లా ఉన్నాయి. కింద పూర్తి పేరు రాసి ఉంది: నేలీదా కాసెరెస్ ఊర్బినా. ఇరవై మూడేళ్ల పిల్ల, తన తప్పు కానిదానికి, తన పేరు పూర్తిగా రాసిచ్చింది.

ఆయన ఆ చీటీని మడిచాడు. తర్వాత కోటు జేబులో చెయ్యి పెట్టి, గుప్పెడు తెల్లటి గుండ్రటి బిళ్ళలు తీసి అందరి ముందూ చాపాడు.

"పిప్పరమెంట్లు," అన్నాడు. ఎవరికీ వినపడలేదు. "పిప్పరమెంట్లండీ! ఫాకుందో, లే! నువ్వు మింగింది పిప్పరమెంటు! నిద్రమాత్రలు పోయినేడే ఇనస్పెక్టరు పట్టుకుపోయాడు! సీసా నిండా ఉన్నవి ఇవే. పొద్దున ప్రయాణానికని నేనే జేబులో పోసుకున్నాను. రెండు మిగిల్చాను, కొసరుకి."

సతుర్నీనా ముందుకొచ్చి ఒకటి నోట్లో వేసుకుంది. నమిలింది. "పిప్పరమెంటే," అని తీర్పు చెప్పింది. ఒక్కరి మాట మీద లోయ అంచున ప్రయాణం చెయ్యడం ఇష్టంలేక ఇంకొకరు ఒకటి తీసుకున్నారు, వాళ్లను నమ్మక మరొకరు. అందరూ రుజువు చూసుకునేసరికి దోన్ అబుందియో అరచెయ్యి నున్నగా ఖాళీ అయిపోయింది. దోన్ ఫాకుందో చిట్టచివరిది అడిగి తీసుకుని, చప్పరించి, "ఇదేనమ్మా, రోజూ ఇచ్చేదే," అని గడ్డి దులుపుకుని లేచాడు. కాళ్లు తనవే అని తేలింది.

దోన్యా పెర్పెతువా ఒక్కతే ఏమీ తినలేదు.

"మరి ఆ చీటీ?" అంది తమ్ముడితో.

"నువ్వు ముట్టకుండా, అక్కా."

"దూది?"

"నువ్వు ఉన్నప్పుడు దూది."

"మూడేళ్లురా!" ఆవిడ గొంతు పెరగలేదు, అది ఇంకా భయంగా ఉంది. "మూడేళ్లుగా నీకు చప్పిడి జావలు కాస్తున్నాను. నీ ముందు తినకూడదని నేను కూడా తీపి మానేశాను. నా పేరుగల పునీతురాలి పండగనాడు కేకు కోసి, ఇరుగుపొరుగుకి పంచి, నువ్వు నేను మొహాలు చూసుకుని కూర్చున్నాం. రోజుకెన్ని?"

"నాలుగు."

"అబుందియో!"

"పన్నెండు."

నేలీదాకు ఇప్పుడు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎవరూ చావలేదు. కానీ యజమాని గుట్టు ఊరంతటి ముందూ బయటపెట్టిన ఉద్యోగిని ఏ దుకాణంలోనూ ఉంచరు. అది ఎవరూ చెప్పక్కర్లేదు. దోన్ ఫాకుందో హారను కొడుతుంటే ఆమె బస్సు దగ్గరికి వెళ్లి, అయకూచోలో పిస్కో బస్సు ఎన్నింటికి దొరుకుతుందని మెల్లగా అడిగింది.

"ఎక్కడికే!" దోన్యా పెర్పెతువా ఆమె చెయ్యి పట్టుకుని లారీవైపు లాగింది. ఇంకో చేత్తో తమ్ముడి మఫ్లరు పట్టుకుంది. "సరుకు రేపు తెచ్చుకోవచ్చు. నువ్వూ పద. ఇంటికి పోగానే ముందు నీ నెత్తురులో చక్కెర చూస్తుంది ఈ పిల్ల. రోజూ చూస్తుంది. పుస్తకంలో రాస్తుంది. కొన్ని అని కాదు, ఎంతో అంత. అబద్ధం చెప్పమంటే చెప్పదని ఇప్పుడే కళ్లారా చూశాను. ఇలాంటిది ఈ బొటికాలో ఒక్కటైనా ఉండాలి."

"అక్కా, ఇంకా నెల కాలేదు, పరీక్ష..."

"కాగితం ఎక్కడుంది?"

కాగితం బొటికాలో, బల్ల సొరుగులో, ఫోను కింద ఉంది. ఒంటిగంట కొట్టేసరికి దోన్ అబుందియో ఒక వేలికి దూది నొక్కుకుని, ఇంకో చేత్తో కలం పట్టుకుని ఉన్నాడు. చక్కెర అంకె చూసి అక్క కుర్చీ ఆయనకు మరీ దగ్గరగా జరుపుకుంది. ఆయన సంతకం పెట్టాడు.

నెల రోజుల పరీక్ష ఆ విధంగా నాలుగో రోజుకే ముగిసింది. అందులో తప్పింది దోన్ అబుందియో. సంతకం ఆయనదే కాబట్టి నేలీదా పాసయింది.